యశోదమ్మ వెళ్ళిపోయిన వారం

పొద్దున తొమ్మిది గంటలకు సందు మొదట్లో సైకిలు గంట మోగిందంటే రమాబాయి చేతిలో ఏ పని ఉన్నా ఆగిపోయేది. మూడేళ్ళ కిందట ఆ గంట కోసం ఆమె చెవులు రిక్కించుకుని కూర్చునేది. ఈ మూడు వారాలుగా మాత్రం అది వినబడితే చాలు, సైకిలు తమ గడప ముందు ఆగకుండా పోవాలని కోరుకునేది.

ఆ శుక్రవారం కూడా అంతే. పోస్ట్‌మన్ బాలనర్సింహ గడప అవతల నిలబడి లావుపాటి కవరు అందించాడు.

"మీ పత్రికోళ్ళు పంపిండ్రమ్మా. అన్నీ ఉత్తరాలే ఉన్నట్టున్నయి. మా ఇంటామె గూడ అడుగుతున్నది, యశోదమ్మ వాపస్ వస్తదా రాదా అని. గట్ల ఇల్లిడిసి పోవుడు మంచిగ లేదంటది. మా చెల్లెలేమో, పోతే పోయింది, మంచిగైంది అంటది. పొద్దుగాల లేస్తే మా ఇంట్ల గిదే లొల్లి."

 రమాబాయి కవరును కొంగు చాటున పెట్టుకుని లోపలికి నడిచింది.

పురానాపూల్ దగ్గరి సందులో ఆ ఇంటిని ఇప్పుడు అందరూ 'రైటరమ్మ ఇల్లు' అనే అంటారు. రమాబాయి రాసిన 'రాతి మెట్ల ఇల్లు' వారపత్రికలో ఏడాదిపాటు వచ్చింది. అందులో యశోదమ్మ అనే పాత్ర ఉంది. పదహారేళ్ళకే భర్త పోయి, పుట్టింటికి వచ్చి, తమ్ముడి పిల్లలను తన పిల్లల్లా పెంచిన ఆడబిడ్డ ఆమె. పాఠకులు ఆమెకు పూలు పెట్టి మొక్కినంత పని చేశారు. పుట్టిన పిల్లలకు ఆ పేరు పెట్టుకున్నామని ఉత్తరాలు రాశారు. వాళ్ళు అడగగా అడగగా ఈ ఏడాది రెండో భాగం మొదలైంది. పదకొండో వారంలో యశోదమ్మకు ఒక ఉత్తరం వచ్చింది. నలభై ఏళ్ళ వయసులో ఆమె ఆ ఉత్తరం చేత పట్టుకుని, ఇల్లు విడిచి, తనను రమ్మన్న మనిషి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ వారం నుంచి ఉత్తరాలు రెండు రకాలుగా వస్తున్నాయి.

"ఏం రాసిండ్రే రమా?" వంటింట్లోంచి సక్కుబాయి అడిగింది. సక్కుబాయి రమాబాయి భర్తకు అక్క, చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి చేరిన మనిషి. యాభై ఒకటో ఏడు నడుస్తోంది. పీట మీద కూర్చుని చింతపండు పిసుకుతోంది.

"ఏం లేదు వదినె. ఎప్పటి లెక్కనే. బాగుంది, బాగలేదు."

"ఊఁ" అంది సక్కుబాయి. అంతకు మించి అడగలేదు.

ఆ అడగకపోవడమే రమాబాయిని భయపెట్టేది. మొదటి భాగం రాసేటప్పుడు ప్రతి ప్రకరణమూ ముందు సక్కుబాయికి చదివి వినిపించేది. ఆమె కూర తరుగుతూ వినేది, నవ్వేది, "గా మాట గట్ల అనదు, గిట్ల అంటది" అని దిద్దేది. రెండో భాగానికి వచ్చేసరికి రమాబాయి గొంతు బాగలేదని ఒక వారం, తీరిక లేదని ఒక వారం తప్పించుకుంది. తర్వాత సక్కుబాయే అడగడం మానేసింది.

సోమశేఖర్ ఆఫీసుకు బయలుదేరుతూ భార్యను గదిలోకి పిలిచాడు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ గొంతు తగ్గించి అన్నాడు.

"నిన్న మా సెక్షన్‌ల ఒకడు అడిగిండు. సోమశేఖర్ సాబ్, గా యశోదమ్మ మీ అక్కనేనా అని. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వలే."

"అది కథ అని చెప్పకపోయిన్రా?"

"చెప్పిన. వాడు నవ్విండు. రమా, రేపు పెండ్లీడుకొచ్చే పిల్ల ఉన్నది మనకు. గామెను వాపస్ తోలుకరా, లేకుంటే ఇంకోటేదన్న చెయ్యి. అక్క చెవుల పడకముందే ఈ కథ ఖతం చెయ్యి."

ఆయన వెళ్ళాక రమాబాయి తలుపు దగ్గరేసి కవరు విప్పింది. పైన సంపాదకుడు సుబ్రహ్మణ్యం రాసిన కాగితం ఉంది. పది ఉత్తరాల్లో ఆరు తిట్లేనని, యాజమాన్యం కంగారుపడుతోందని, యశోదమ్మ పశ్చాత్తాపంతో తిరిగొచ్చేలానైనా, లేదా ఆమె కథ ముగిసిపోయేలానైనా రాసి సోమవారానికల్లా పంపమని ఆయన రాశాడు.

కింద ఉత్తరాలు. కరీంనగర్ నుంచి నర్సులు నలుగురు కలిసి రాశారు: 'ఆ వారం చదివి చప్పట్లు కొట్టాం.' రిటైరైన తాసీల్దారొకాయన చందా ఆపేశానన్నాడు. ఒకావిడ పేరు లేకుండా ఒక్క వాక్యమే రాసింది: 'నాకూ ఎవరైనా ఉత్తరం రాస్తే బాగుండు.' అడుగున ఒక పోస్టుకార్డు ఉంది, బడిపిల్ల దస్తూరీతో.

'అమ్మా రచయిత్రీ, పిల్లలను విడిచి మగవాని వెంట పోయినదానికి అన్నం ఎట్ల దిగుతది? అది బతికి ఉండొద్దు. దాన్ని మూసీల దూకించి కథ ముగించు. ఇట్లు సత్తెమ్మ, వైకుంఠం టైలర్ ఇల్లు, దబీర్‌పురా స్టేషన్ వెనక.'

రమాబాయి ఉత్తరాలన్నీ మంచం కింది ట్రంకు పెట్టెలో పెట్టి మూత వేసింది.  పాఠకుల తిట్లకు ఆమె భయపడలేదు. ఆమె భయం వేరు. అది ఏ పాఠకుడికీ తెలియదు, కట్టుకున్న భర్తకూ తెలియదు.

పద్నాలుగేళ్ళ కిందటి మాట. మేడ మీది గదిలో బాబురావు అని డ్రాయింగు మాస్టారు అద్దెకుండేవాడు. భార్య పోయిన మనిషి, మాట తక్కువ. సక్కుబాయి ఆయనకు రోజూ చాయ్ పంపేది. సందులో నలుగురూ గుసగుసలాడేసరికి సోమశేఖర్ ఆయనను గది ఖాళీ చేయించాడు. నెల తిరక్కముందే సక్కుబాయి పేరు మీద కవరు వచ్చింది. అప్పటికి సక్కుబాయికి చదువు రాదు. ఇంటికొచ్చిన ఉత్తరాలన్నీ చదివి చెప్పేది రమాబాయే. ఆమె కవరు చించి నిలబడే చదివింది. అప్పుడామెకు ఏడో నెల. మూడేళ్ళ కూతురు కళావతి కోరింత దగ్గుతో అత్త ఒడి దిగడం లేదు. సక్కుబాయి వెళ్ళిపోతే ఈ పిల్ల, ఈ పొయ్యి, పుట్టబోయే బిడ్డ అంతా తన ఒక్కదాని నెత్తిన పడతాయన్న భయం ఆ క్షణాన ఆమెను కమ్మేసింది.

"ఎవరు రాసిండ్రే?" అని సక్కుబాయి అడిగింది.

"రేషన్ కార్డు కాయితం వదినె" అంది రమాబాయి.

ఆ ఉత్తరం పొయ్యిలో కాలిపోయింది. బాబురావు నాందేడ్ వెళ్ళిపోయాడు. నాలుగేళ్ళ కిందట ఆయన చనిపోయాడని అఫ్జల్‌గంజ్ బజారులో ఎవరో అనగా రమాబాయి వింది. ఆ రోజు నుంచి ఆమెకు సరిగ్గా నిద్ర లేదు. బతుకులో తాను కాల్చేసినదాన్ని కథలోనైనా యశోదమ్మ చేతిలో పెట్టాలనుకుంది. అందుకే రెండో భాగం రాసింది. రాసిన మరుక్షణం నుంచీ వణుకుతూనే ఉంది.

*

శనివారం పొద్దున రమాబాయి లేచేసరికి వంటింట్లో పొయ్యి వెలగలేదు.

ముప్పై ఏళ్ళకు పైగా ఆ ఇంట్లో ఐదున్నరకల్లా పొయ్యి వెలిగించేది సక్కుబాయే. జ్వరమొచ్చిన రోజున కూడా పొయ్యి వెలిగించాకే వెళ్ళి పడుకునేది. రమాబాయి పెరట్లో చూసింది, మేడ మీద చూసింది. సక్కుబాయి చెప్పులు లేవు. గదిలోకి వచ్చి చూస్తే ట్రంకు పెట్టె మూత తెరిచి ఉంది. ఉత్తరాలు నేల మీద రెండు కుప్పలుగా పేర్చి ఉన్నాయి.

"కళా! లెవ్వే! అత్త ఏది?"

పదిహేడేళ్ళ కళావతి కళ్ళు నులుముకుంటూ వచ్చి ఆ కుప్పలను చూసింది. 

"అమ్మా, నిన్న నువ్వు పేరంటానికి పోయినప్పుడు అత్త అవన్నీ నాతోని చదివించుకున్నది. తిట్టినయి ఒక దిక్కు, మెచ్చుకున్నయి ఒక దిక్కు పెట్టమన్నది."

"ఉత్తరాలు చదివినవా? కథ గూడ చదివినవా?"

"ప్రతి వారం చదువుతున్న. నీకు చెప్పొద్దన్నది. ఆమెకు జర జర చదువొస్తది గదా, నేను నేర్పిన. ఒత్తులు వస్తే ఆగుతది, గందుకే నన్ను చదవమంటది." కళావతి ఆ కుప్పల పక్కన కూర్చుంది. "యశోదమ్మకు ఉత్తరమొచ్చిన వారం మూడుసార్లు చదివించుకున్నదమ్మా. ఏం మాట్లాడలే. గా దినం అన్నం తినలే."

 రమాబాయి వంగి ఉత్తరాలు వెతికింది. తిట్ల కుప్పలో అన్నీ ఉన్నాయి, ఆ పోస్టుకార్డు తప్ప.

దాన్ని మూసీల దూకించి కథ ముగించు.

ఆమె లేచి నిలబడింది. సోమశేఖర్‌ను లేపి చెప్పడానికి నోరు రాలేదు. ఏమని చెప్పాలి? పద్నాలుగేళ్ళ కిందటి నుంచి మొదలుపెట్టాలి. "నాన్నతోని చెప్పు, నేను వెతుక్కరావడానికి పోయిన" అని చెప్పులైనా వేసుకోకుండా సందులోకి పరుగెత్తింది.

శ్రావణ మాసం. ఎగువన వానలు పడి మూసీ ఎర్రగా, ఒడ్లు కోసుకుంటూ పారుతోంది. పురానాపూల్ కమానుల కింద నీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి. రమాబాయి గోడ మీద వంగి చూసింది. కొమ్మో, గుడ్డో, ఏదో తెల్లగా కొట్టుకుపోతుంటే ఆమె ఇంకా ముందుకు వంగింది. సక్కుబాయి కట్టేది తెల్ల చీరే. అది వంతెన కింద దూరి అవతల తేలింది. సిమెంటు సంచి. రమాబాయి ఆ గోడ పక్కనే కూలబడిపోయింది.

తన అక్షరాలు ఎక్కడెక్కడి మనుషుల చేతనో తిట్లు రాయించి, ఆ తిట్లను తెచ్చి తన ఇంట్లో మనిషి ఒళ్ళో పోశాయి. యశోదమ్మను తిట్టినవాళ్ళకు సక్కుబాయి ఒకతి ఉందని తెలియదు. తెలిసింది తనకొక్కదానికే.

వంతెన మొగదల జామకాయల బండి పెట్టుకున్న ముసలాయన ఆమె వాలకం చూసి కేక వేశాడు. "క్యా హువా అమ్మా?"

"ఒక పెద్దమ్మ... తెల్ల చీర... ఇటు వచ్చిందా భాయ్?"

"సఫేద్ సాడీ వాలీ అమ్మా? ఆయీ థీ నా, వచ్చింది. దబీర్‌పురా పోవాలె బోలే, నేనే రిక్షాలో కూర్చోపెట్టిన." ఆయన తెలుగూ ఉర్దూ కలిపి చెప్పాడు. "చేతుల పోస్టుకార్డు ఉండె. దాని మీది పతా నాతోని అడిగింది."

దబీర్‌పురా. రమాబాయి ఆ మాటను అందుకుని లేచింది. ప్రాణం ఒక పక్క నుంచి తిరిగొచ్చింది, ఇంకో పక్క నుంచి భయం మళ్ళీ పట్టుకుంది. ఆ సత్తెమ్మ సక్కుబాయిని ముఖాన ఏమంటుందో! కార్డు మీద అంత మాట రాయించిన మనిషి, ఎదురుగా దొరికితే ఊరుకుంటుందా?

*

స్టేషన్ వెనక రేకుల ఇంటి ముందు కుట్టుమిషను చప్పుడవుతోంది. టైలర్ వైకుంఠం తలెత్తి లోపలికి చెయ్యి చూపించాడు. రమాబాయి గుమ్మంలో ఆగిపోయింది.

చాప మీద సక్కుబాయి కూర్చుని ఉంది. ఎదురుగా డెబ్బై ఏళ్ళ సత్తెమ్మ, గోడకు ఒరిగి, ముక్కు చీదుకుంటోంది. ఇద్దరి మధ్యా చాయ్ గ్లాసులు ఖాళీగా ఉన్నాయి.

"రా రమా" అంది సక్కుబాయి, ఏమీ జరగనట్టు. "చెప్పులు గూడ ఏసుకోలేదేందే? కూసో. ఈమెనే సత్తెమ్మ. నన్ను మూసీల దూకమన్నది."

"అయ్యో, నిన్ను గాదు తల్లీ!" సత్తెమ్మ చేతులు జోడించింది. "కథల ఆమెను అన్న. నువ్వు నిజంగ ఉన్నవని నాకేం ఎరుక? మనుమరాలు చదివితే ఇన్న. ఇన్న దినం నాకు కండ్లు మండినయి."

"ఎందుకు మండినయో ఈమెకు గూడ చెప్పు" అంది సక్కుబాయి.

సత్తెమ్మ కాసేపు కొంగు నలిపింది. "నాకు ఇరవై రెండేండ్లకే ఆయన పోయిండు బిడ్డా. అన్న ఇంట్ల ఉన్న. అన్న పిల్లలను పెంచిన, గా వైకుంఠం నా అన్న కొడుకే. పోవాలని నాకు గూడ ఉండె, పోలేక ఆగలే. నన్నెవ్వలు రమ్మనలే. గా యశోదమ్మను ఒకడు రమ్మన్నడు, అది పోయింది. నాకు లేనిది దానికెందుకని కడుపు రగిలి రాయించిన. గంతే." ఆమె మళ్ళీ ఏడ్చింది.

రమాబాయి గుమ్మం దాటి వచ్చి సక్కుబాయి కాళ్ళ దగ్గర కూర్చుంది. మాట్లాడబోతే ఏడుపు వచ్చింది.

"వదినె, నువ్వు ఏటిల... నేను పురానాపూల్ మీద..."

"నేనెందుకు సస్తనే?" సక్కుబాయి గొంతు మొదటిసారి గట్టిపడింది. "గంత మంది నా గురించి రాసిండ్రు. పొమ్మన్నోళ్ళు ఉన్నరు, సావుమన్నోళ్ళు ఉన్నరు. ఎవలో తెల్వనోళ్ళు నా బతుకు మీద పంచాయితి పెట్టిండ్రు. ఒక్కరినన్న ముఖం చూసి అడుగుదామని వచ్చిన. దగ్గర ఉన్నది ఈమెనే. అడిగిన. చెప్పింది. నువ్వు పద్నాలుగేండ్ల సంది ఒక్క ఇంట్ల ఉండి గూడ చెప్పకపోతివి."

కుట్టుమిషను ఆగిపోయింది. 

"రేషన్ కార్డు కాయితం అన్నవు."

"అన్న."

"గది ఆయన రాసిన ఉత్తరమేనా?"

"అవును వదినె. కాలబెట్టిన. భయమైంది. నువ్వు పోతే నేను బతకలేననుకున్న. నన్ను కొట్టు, తిట్టు, ఇంట్లకెళ్ళి వెళ్ళగొట్టు, ఏమన్న చెయ్యి."

 సక్కుబాయి గొంతు అలిసిపోయి ఉంది.

"పోయేముందట రాస్తా అన్నడు నాతోని. రోజూ పోస్టాయన కోసం చూసిన. రాలే. ముసలిదాన్ని, మోడును చూసి నవ్వుకున్నడనుకున్న. ఆయన సచ్చిపోయిండని ఇన్ననాడు గూడ నాకు ఏడుపు రాలే రమా. నన్ను ఒక్క ఉత్తరానికి గూడ పనికిరానిదాన్ని చేసిండని కోపమొచ్చింది. సచ్చినోని మీద పద్నాలుగేండ్లు కోపం మోసిన. గదీ నువ్వు చేసింది."

ఆ మాట రమాబాయికి చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. తాను దోచింది ఒక పెళ్ళినేమోనని ఇన్నాళ్ళూ కుమిలింది. దానికన్నా పెద్దదే దోచిందని ఇప్పుడు తెలిసింది. ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. సక్కుబాయి ఆమెను ఓదార్చలేదు, దూరంగానూ నెట్టలేదు.

"ఏడ్చుడు ఆపు. నాకు ఒకటి కావాలె. కథల గా ఉత్తరంల వెన్నెల ఉన్నది, మల్లెపూలు ఉన్నయి, జన్మజన్మల బంధమని ఉన్నది. గాయన గట్ల మాట్లాడెటోడు గాదు. గవి నీ రాతలు. మూడుసార్లు ఇన్న, ఒక్క మాట గూడ ఆయనది దొరకలే. ఆయన ఏం రాసిండో గది చెప్పు. యాదున్నదా?"

"ఒక్క అక్షరం మరవలేదు."

"అయితే చెప్పు. నీది ఒక్క మాట గూడ కలపకు."

రమాబాయి కళ్ళు తుడుచుకుంది.  పొయ్యి ముందు నిలబడి చదివిన ఆ కాగితం ఆమె కళ్ళ ముందు ఆడింది. నెమ్మదిగా మొదలుపెట్టింది.

"సక్కుబాయి గారికి, బాబురావు నమస్కరించి వ్రాయునది. నాకు నాందేడ్ బడిలో పని దొరికినది. వచ్చే శుక్రవారం పొద్దుటి బండికి పోతున్నాను. అక్కడ రెండు గదుల ఇల్లు చూసినారు. నీళ్ళకు ఇబ్బంది లేదట. మీరు వస్తానంటే రిజిస్టర్ ఆఫీసులో పెండ్లి చేసుకొని తీసుకొని పోతాను. రానంటే తప్పు పట్టను. పిల్లను విడిచి రావడం మీకు కష్టమని నాకు తెలుసు. చాయ్‌లో చక్కెర ఎక్కువైతే నాకు పడదని ఈ ఊళ్ళో మీరొక్కరే గుర్తు పెట్టుకున్నారు. జవాబు కోసం చూస్తాను. ఇట్లు, బాబురావు."

 సత్తెమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

సక్కుబాయి కళ్ళు మూసుకుని వింది. "నీళ్ళకు ఇబ్బంది లేదని గూడ రాసిండా?" అంది. పెదవుల మీద నవ్వులాంటిది కదిలి ఆగిపోయింది. "గట్లనే మాట్లాడుతుండె. గది ఆయన మాటనే."

తర్వాత ఉన్నట్టుండి కళ్ళు తెరిచింది.

"మొదట్ల ఏమన్నవు? సక్కుబాయి గారికి అని రాసిండా? గారు అన్నడా?"

"అన్నడు వదినె."

సక్కుబాయి మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది. గట్టిగా, గొంతెత్తి, చిన్నపిల్లలా ఏడ్చింది. సత్తెమ్మ పక్కకు జరిగి ఆమె వీపు మీద చెయ్యి వేసింది. రమాబాయి ఆ పాదాలు పట్టుకుని అలాగే ఉండిపోయింది.

*

తిరుగు రిక్షాలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. దారుల్‌షిఫా దాటాక సక్కుబాయే అంది.

"నిన్ను మాఫ్ చేసిననని అనుకోకు. ఎప్పుడు చేస్తనో నాకు తెల్వది. ఇంటికైతే వస్తున్న. పిల్లలు నా పిల్లలు."

"నీ ఇష్టం వదినె. ఎన్నేండ్లైనా సరే. ఆయనతోని గూడ ఇయ్యాల్నే అన్నీ చెప్త."

"చెప్పు. వాడు గూడ ఏడ్వాలె, గది ఖాళీ చేయించిండు గదా." సక్కుబాయి చీర చెంగు సర్దుకుంది. "సోమవారం ఏం రాస్తవు?"

"సంపాదకుడు ఆమెను తిరిగి తెమ్మంటున్నడు. మీ తమ్ముడు గూడ అదే అంటున్నరు. నువ్వేమంటవో గదే రాస్త."

సక్కుబాయి నయాపూల్ వైపు, నిండుగా పారుతున్న నీళ్ళ వైపు చూస్తూ ఆలోచించింది.

"తోలుకరాకు. గామెనన్న గక్కడ మంచిగ బతకనియ్యి. తిట్టెటోళ్ళు తిట్టనీ. ఇంకోసారి వాళ్ళిద్దరు కూసోని మాట్లాడితే మల్లెలు, వెన్నెల పెట్టకు. నీళ్ళొస్తున్నయా, చాయ్‌ల చక్కెర సరిపోయిందా, గిట్ల మాట్లాడుకుంటరు మనుషులు. రాసినంక నాకు సదివి ఇనిపించి పంపు."

"చదువుత వదినె" అంది రమాబాయి. ఆమె కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోలేదు.

 రిక్షా కుదుపుకు ఇద్దరి భుజాలూ తగిలాయి. సక్కుబాయి జరగలేదు.

"రమా," అంది, ఇటు తిరక్కుండానే. "గా ఉత్తరం ఇంకొక్కసారి చెప్పు. మొదటికెళ్ళి."